మెడ పట్టుకుని ఏడ్చే పాట

మా అత్తమ్మ ఏడుపుకు ఈ చుట్టుపక్కల జనం డాన్సులు చేస్తున్నారు. జగిత్యాలలో పెళ్ళి ఊరేగింపులకు అదే, కోరుట్లలో వినాయకుడి నిమజ్జనానికి అదే. మా పుట్టిల్లు సిరిసిల్లలో సాంచాలు నడిచే షెడ్డులోకి పోతే, ఆ మగ్గాల చప్పుడును మించి సౌండు పెట్టి మరీ అదే పాట. ‘బోల్ బాయీ బోల్.’ మీ ఫోనులో కూడా ఉండే ఉంటుంది. అది ఎవరు ఎవరి శవం మీద పడి ఏడ్చిన ఏడుపో చెప్తాను. విన్నాక మీ ఇష్టం, ఎగిరితే ఎగరండి.

మా అత్తమ్మ పేరు లావుడ్య ద్వాలీబాయి. దీపావళి నాడు పుట్టింది కాబట్టి ద్వాలీ అని పెట్టారు. రుద్రంగి దిక్కు ఒక తండాలో పుట్టి, ఆ తండాకే కోడలై, అక్కడే అంగన్‌వాడీ టీచరుగా చేసి, రిటైరయ్యాక కోరుట్లలో మా దగ్గర ఉంటోంది. ఆమె కొడుకు దేవేందర్ నా భర్త. సెల్‌ఫోన్ల షాపు. నేను సరితను, సిరిసిల్ల పద్మశాలి పిల్లను. మేం ప్రేమించి చేసుకున్నాం. లంబాడీలు తమవాళ్ళను గోర్ అంటారు, బయటివాళ్ళను కోర్ అంటారు. ఆ లెక్కన నేను కోర్. కానీ ఆ ఇంట్లో అత్తమ్మతో ఆమె భాష మాట్లాడేది నేనొక్కదాన్నే. ఆమె కన్న కొడుకు మాట్లాడడు. చిన్నప్పుడు బడిలో ఎవరో నవ్వారట, ఆనాటి నుంచి మానేశాడు. తల్లి ఆ భాషలో అడుగుతుంది, కొడుకు తెలుగులో జవాబు చెప్తాడు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అది చూసి నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే వంటింట్లో ఆమె వెంట తిరిగి తిరిగి నేర్చుకున్నాను.

అత్తమ్మ కవి. శాలువాలు కప్పించుకున్న కవి కాదు. ఏ సభలోనూ ఆమెకు కుర్చీ వెయ్యలేదు. లంబాడీ మాటకు లిపి లేదని అందరూ చేతులు దులుపుకుంటే, ఆమె తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటూ పోయింది. తీజ్ పండుగకు రాసింది, హోలీకి రాసింది, చద్దన్నం తిననని మొండికేసే పిల్లల కోసం రాసింది. అంగన్‌వాడీలో అవే నేర్పేది. దానికి తండావాళ్ళు మెచ్చుకున్నారనుకుంటున్నారా? మీదికి వచ్చారు.

“ఏం టీచరమ్మా, గా భాష మా ఇంట్ల లేదా? ఇంగిలీషు చెప్పుమంటే లంబాడి పాటలు నేర్పుతున్నవ్. మా పోరగాండ్లు గుడ మాలెక్కనే కూలికి పోవాల్నా?” అని ఒక తండ్రి గదమాయించాడు. తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరమ్మ అయితే, “పైనుంచి అచ్చిన పాటలే చెప్పాలె ద్వాలీ, నీ సొంతం నడ్వది” అంది.

“పోరగాండ్లు ఏ భాషల ఏడుస్తరో గదే భాషల ఊకుంచాలె మేడం” అంది అత్తమ్మ. మెమో ఇచ్చారు. తీసుకుంది. మర్నాడు మళ్ళీ అదే పాట చెప్పింది.

ఆమెకు ఈ పట్టుదల ఎక్కడ నుంచి వచ్చిందో తెలియాలంటే చాందీ సంగతి చెప్పాలి. చాందీ అత్తమ్మ చెల్లెలు. ముస్తాబాద్ అవతల తండాకు ఇచ్చారు. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు దుబాయి పోయాడు. పురుటి నొప్పులు వస్తే, ముసలి అత్తామామలు ఎవరి ఆటోలోనో వేసుకుని పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తెచ్చారు. కాన్పయింది, ఆడపిల్ల. వాళ్ళను బయట కూర్చోబెట్టి, చాందీని లోపల పడుకోబెట్టారు.

చాందీకి తెలుగు రాదని కాదు. అంగడిలో బేరమాడేంత వచ్చు. కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు అంగడి మాటలు నోటికి వస్తాయా? కన్నతల్లి నేర్పిన మాటే వచ్చింది. కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి, పక్కంతా తడుస్తోంది అని లంబాడీలో చెప్పింది. నర్సుకు అర్థం కాలేదు. బిడ్డను అడుగుతుందనుకుని బిడ్డను తెచ్చి చూపించింది. చాందీ మళ్ళీ చెప్పింది. మళ్ళీ బిడ్డను చూపించారు. “ఏమంటున్నవో సమజైతలేదమ్మా, సక్కగ తెలుగుల చెప్పు” అని కసురుకున్నారు కూడా. ఆ దుప్పటి ఒక్కసారి ఎత్తి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

కబురు విని మా అత్తమ్మ పనిమీదున్న చీరతోనే బస్సెక్కి వచ్చేసరికి చాందీ పెదవులు తెల్లబడి ఉన్నాయి. అక్కను చూసి, “పొద్దటి సంది చెప్తున్న బాయీ, ఎవ్వలకు తెలుస్తలేదు” అందట. బాయీ అంటే వాళ్ళలో అక్కచెల్లెళ్ళు పిలుచుకునే పిలుపు. అత్తమ్మ దుప్పటి ఎత్తింది, కేకలు పెట్టింది. అప్పుడు అందరూ ఉరికొచ్చారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఒకే మాట అన్నారట, తెలుగు బాగా వచ్చి ఉంటే బతికేది అని. అయినవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, అందరూ. అత్తమ్మ ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే పళ్ళు కొరుకుతుంది.

“మా మాట అండ్ల ఒక్కలకన్న అస్తే బతుకకపోయేదా?” అంటుంది. “సచ్చేటోళ్ళే నేర్చుకోవాల్నా? బతికిచ్చేటోళ్ళు నేర్చుకోవద్దా?”

ఆ తర్వాత ఆమె కలం ఆగలేదు. బాలింత చెప్పే మాటలు, నెత్తురు పోతోంది, గుండె దడగా ఉంది, బిడ్డ పాలు తాగడం లేదు, ఇలాంటివన్నీ వరసగా కూర్చి లంబాడీలో ఒక పాట కట్టింది. దాన్ని పట్టుకుని ఊరూరా దవాఖానాలు తిరిగింది. నర్సమ్మలూ, ఈ పాట నేర్చుకోండి, మీకే పనికొస్తుంది అని బతిమాలింది. చాయ్ తాగమన్నారు, ఫోటో దిగారు, పంపించేశారు. ఎవరో ఒక్క నర్సు మాత్రం నేర్చుకుందట. ఆమెను బదిలీ చేశారు.

చాందీ మొగుడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ పసిగుడ్డును మా అత్తమ్మే తెచ్చి పెంచింది. పేరు శ్రావణి. అత్తమ్మను యాడీ అని పిలుస్తుంది, అంటే అమ్మా అని. శ్రావణి నోట మిగిలిన లంబాడీ మాట దాదాపు అదొక్కటే. ఊహ తెలిసీ తెలియకముందే హాస్టలు, ఆ తర్వాత గురుకులం, అక్కడంతా ఇంగ్లీషు, తెలుగు. ఇప్పుడు జగిత్యాలలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో చేస్తోంది. కన్నతల్లి కామెర్లతో పోయిందని ఆ పిల్లకు చెప్పారు. నిజం చెప్పొచ్చు కదా అని నేను ఒకసారి అత్తమ్మతో కొట్లాడాను.

“చెప్త. పెండ్లి నాడు చెప్త” అంది. “అత్తగారింటికి పోయే పిల్లకు తల్లి సంగతి మెడ పట్టుకొని చెప్పాలె సరితా. కుర్సీల కూసోవెట్టి చెప్పేది కాదది.”

దాని అర్థం నాకు తర్వాత తెలిసింది. లంబాడీ ఆడవాళ్ళకు ఢావ్లో అని ఒకటి ఉంది. ఏడుపే పాట, పాటే ఏడుపు. పెళ్ళికూతురు సాగిపోయేటప్పుడు ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడుతుంది. చావులోనూ అంతే. మనసులో ఉన్నదంతా రాగం తీసి ఎదుటి మనిషి భుజం మీద దింపుతారు. ఒకప్పుడు పెళ్ళి కుదిరిన పిల్లకు ముసలమ్మలు నెలల తరబడి అది నేర్పేవాళ్ళు. ఇప్పటి పిల్లలు మేకప్ పోతుందని ఏడవరు. అయినా అత్తమ్మ మల్యాల దిక్కు, ముస్తాబాద్ దిక్కు, ఎక్కడ పెళ్ళి ఉందన్నా బస్సెక్కి పోయి, నేర్చుకోండర్రా అని వాళ్ళ గుమ్మాల్లో కూర్చునేది. కొందరు కూర్చోబెట్టి అన్నం పెట్టారు. కొందరు, పెళ్ళింట్లో ఏడుపేంది అని తోలేశారు.

చాందీ శవం మీద పడి పాడిన ఢావ్లోను మాత్రం అత్తమ్మ ఎన్నడూ కాగితం మీద పెట్టలేదు. మెడ పట్టుకోకపోతే అది రాదు అనేది. దాన్ని శ్రావణి కోసం దాచుకుంది. ఆమె జీవితంలో మిగిలిన కోరిక అదొక్కటే. ఆ పిల్ల పెళ్ళినాడు, ఆ పిల్ల మెడ పట్టుకుని, ఆ పిల్ల తల్లి ఎట్లా పోయిందో తల్లి మాటల్లోనే చెప్పాలి.

అదిగో, అప్పుడు దిగాడు వీరేందర్. జగిత్యాల టవర్ దగ్గర స్టూడియో, యూట్యూబ్ చానల్. జానపదాలు సేకరిస్తున్నానని మా ఇంటికి వచ్చి అత్తమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. అత్తమ్మ మురిసిపోయింది. జన్మలో మొదటిసారి ఒక మనిషి ఆమె భాష కోసం గడప తొక్కాడు మరి. వాడికి పెరుగన్నం పెట్టింది. ఎన్నో పాటలు పాడింది. వాడు తల ఊపుతూ, ఇంకా గట్టిది కావాలె అమ్మా, గుండె పిండేది, అన్నాడు.

“నీ తర్వాత గీ పాటలు ఎవలకు ఎరుక అమ్మా? రేపు నీకేమన్న అయితే అన్నీ నీతోనే పోతయి. నా తాన వెడితే నూరేండ్లు ఉంటయి.”

ఆ ముందు నెలే అత్తమ్మకు గుండెలో నొప్పి వచ్చి జగిత్యాలలో చూపించాం. అందుకే ఆ మాట తగిలింది. శ్రావణి పెళ్ళిదాకా ఉంటానో ఉండనో అనుకుంది. సరేనంది. కానీ మైకు ముందు కూర్చుంటే పాట రాలేదు. మెడ కావాలి కదా. లేచి వచ్చి నా మెడ పట్టుకుంది. “అమ్మా, మైకు దిక్కు మల్గు” అన్నాడు వాడు. ఆమె మళ్ళలేదు. చివరకు వాడే మైకు తెచ్చి మా ఇద్దరి తలల మధ్య పెట్టాడు.

ఆ పాట మొత్తం నా భుజం మీద జరిగింది. తెలుగులో చెప్తే దాని అందం పోతుంది, అయినా చెప్తాను. కళ్ళు చీకట్లయితున్నయంటివి చెల్లీ, నీకు బిడ్డను చూపిరి. పక్క తడుస్తున్నదంటివి చెల్లీ, నీకు బిడ్డను చూపిరి. నీ మాట తెలిసినదాన్ని వచ్చిన, ఇప్పుడు చెప్పు. చెప్పు బాయీ చెప్పు. బోల్ బాయీ బోల్. ఆమె ఆపేసరికి నా జాకెట్టు భుజం తడిసి ముద్దయింది.

తర్వాత కొన్నాళ్ళకు పాట వచ్చింది. ఎవరో అమ్మాయి గొంతు, దాని కింద గుండెలు అదిరే డప్పు బీటు. వరి పొలం గట్టు మీద అద్దాల లంగా వేసిన పిల్ల నడుము తిప్పుతుంటే, కళ్ళద్దాల పిల్లగాడు వెంటపడి, మాట్లాడవే పిల్లా మాట్లాడు అని బతిమాలే కథ. చీకటి కమ్మిన కళ్ళు ప్రేమలో మునిగిన కళ్ళయ్యాయి. బిడ్డను చూపిన చోట ఉంగరం చూపించారు. మా అత్తమ్మ పేరు ఎక్కడా లేదు. జానపదం, సేకరణ వీరేందర్, అంతే.

అది నా కంట పడేసరికే ఊరూరా మోగుతోంది. నేను ఫోను విసిరికొట్టి, స్కూటీ వేసుకుని జగిత్యాల పోయాను. వాడు నవ్వుతూ ఎదురొచ్చాడు.

“అక్కా, సూసినవా? కోటి మంది ఇన్నరు! ఎవ్వలకు తెల్వని భాష ఇయ్యాల హైదరబాద్‌ల గుడ పాడుతున్నరు. మీ అత్తమ్మ కోరుకున్నది గదే కదనే?”

“ఇన్నరారా? ఎగిరిన్రు! సచ్చిన మనిషి మీద ఏడ్సిన ఏడుపురా అది. ఆమె నా మెడ మీద ఏడుస్తుంటె నువ్వు మైకు వట్టుకొని సూడలేదా? నీ కండ్లు ఏడవెట్టుకున్నవ్?”

“ఏడుపు పాట ఎవలు ఇంటరక్కా? బీటు పడ్డంకనే గదా భాష బతికింది.”

ఆ క్షణంలో నా చేతికి ఏం దొరికినా వాడి నెత్తిన వేసేదాన్ని. వాడు తప్పు చేశాననుకుని భయపడితే నా కోపం కొంతైనా తగ్గేది. వాడు నిజంగానే మేలు చేశాననుకుంటున్నాడు. కంప్లయింటు పెట్టి పాట తీయిస్తానని చెప్పి వచ్చేశాను. ఇంట్లో మా ఆయన, “లేనిపోని లొల్లి మనకెందుకే?” అన్నాడు. ఆ మాటకు ఆయన ఆ పూట అన్నం తానే వడ్డించుకోవలసి వచ్చింది.

అత్తమ్మ దగ్గరికి పోతే ఆమె గేటు పట్టుకుని నిలబడి ఉంది. మా గల్లీలో స్కూలు వ్యాను దిగిన పిల్లలు, ఒక్కడు కూడా లంబాడీ కాదు, బ్యాగులు ఊపుతూ ఆ పాట పాడుకుంటూ పోతున్నారు.

“పోరగాండ్ల నోట్లె మన మాట పడ్డది సరితా” అంది. మొహం నవ్వుతోంది, కళ్ళు నవ్వడం లేదు.

“ఎగురుతున్నరు అత్తమ్మా! చాందీ చిన్నమ్మ పీనుగు మీద ఎగురుతున్నరు! కంప్లయింటు వెట్టి తీపిస్త!”

“ఎరుకే” అంది. “తీపియ్యకు. ఉండనీ. బతుకంత ఎవ్వల నోట్లె పడలేదు, గిట్లనన్న పడ్డది.”

ఆ తర్వాత లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఇంత చేసిన మనిషి ఇంత తక్కువకు ఒప్పుకోవడం ఏమిటి? అంతకంటే ఘోరం ఏమిటంటే, ఆ వారంలోనే శ్రావణి ఫోను చేసి, “వదినా, బోల్ బాయీ పాట మస్తున్నది, నేను రీల్ చేసిన సూడు” అంది. పక్కనే ఉన్న అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెళ్ళినాడు చెప్తానంది కదా, అప్పటిదాకా నా నోరు కుట్టేసింది.

పెళ్ళి జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో. పెళ్ళికొడుకుది మల్యాల దగ్గరి తండా, మంచి పిల్లవాడే. పొద్దున్నే తాళి కట్టడం, పెద్దల దీవెనలు, భోజనాలు అన్నీ అయ్యాయి. ఎండ తగ్గకముందే అప్పగింతలు. అత్తమ్మ పొద్దటి నుంచి ఏమీ తినలేదు. పాత అద్దాల రవిక, ఘాగ్రా వేసుకుని, హాలు గుమ్మం పక్కన నిలబడింది. తండా నుంచి వచ్చిన ముసలమ్మలు కొందరు ఆమె వెనక చేరారు. శ్రావణి నడుచుకుంటూ వస్తుంది, అత్తమ్మ మెడ పట్టుకుంటుంది. ఆమె ఇన్నేళ్ళు ఎదురుచూసింది ఆ కాసేపటి కోసమే.

శ్రావణి ఆమె దాకా రానేలేదు. ఆమె స్నేహితురాళ్ళు చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. డీజే బాక్సులు పగిలిపోయేలా మొదలైంది, బోల్ బాయీ బోల్. పెళ్ళికూతురు డాన్సు చేస్తూ కారు ఎక్కాలట, ముందే అనుకున్నారట. ఎర్ర చీరలో పిల్ల ముద్దుగా ఎగురుతోంది. చుట్టూ ఫోన్లు ఎత్తారు. కన్నతల్లి చావు మీద కూతురు డాన్సు చేస్తోంది, కూతురికి తెలియదు. అత్తమ్మ చాచిన చేతులు అట్లాగే ఉన్నాయి.

నాకు కళ్ళు కనపడలేదు. పోయి డీజే పెట్టె వెనక వైరు పట్టి గుంజాను. అది ఊడి నా చేతికొచ్చింది. హాలంతా ఒక్కసారి చప్పబడింది. తర్వాత తిట్లు. పెళ్ళికొడుకు మేనమామ అయితే అందరికీ వినపడేలా, “కోరోళ్ళను ఇంట్ల వెట్టుకుంటె గిట్లనే ఉంటది. మన పాట, మన పండుగ, గామెకు నచ్చుతదా?” అన్నాడు. మన పాటనట. జవాబు చెప్పడానికి నా నోరు తెరుచుకునే లోపలే అత్తమ్మ గుంపును తోసుకుంటూ పోయి శ్రావణి మెడ పట్టుకుంది.

మొదలుపెట్టింది. బీటు లేదు, పరుగు లేదు. గొంతులో నుంచి ఒక్కొక్క మాటా ఈడ్చుకుంటూ తీసింది. వెనక ముసలమ్మలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

శ్రావణి నవ్వింది. “యాడీ, గదే పాట గదా! నీకు గుడ అచ్చిందా?”

అత్తమ్మ ఆపలేదు. శ్రావణి ముసలమ్మల మొహాలు చూసింది, నా మొహం చూసింది. నవ్వు పోయింది. “యాడీ, ఏమంటున్నవ్? నాకు సమజైతలేదు” అంది.

అత్తమ్మ పాట అక్కడ తెగిపోయింది. ఆనాడు ఆస్పత్రిలో నర్సు అన్న మాటే అది, ఆ మాటే. చాందీ చెప్పింది అప్పుడు బయటివాళ్ళకు అర్థం కాలేదు, ఇప్పుడు కడుపున పుట్టిన పిల్లకు అర్థం కావడం లేదు. అప్పుడు నర్సును తిట్టుకున్నాం. ఇప్పుడు ఎవరిని తిట్టాలి? మెమో ఇచ్చిన సూపర్‌వైజర్నా, ఇంగ్లీషు చెప్పమన్న తండ్రినా, మా ఆయననా? అందరినీ తిట్టాలని ఉంది, ఒక్కొక్కరినీ పేరుపెట్టి.

నేను పోయి శ్రావణి చెవి దగ్గర నోరు పెట్టాను. “పాడు అత్తమ్మా, నేను చెప్త” అన్నాను. ఆమె ఒక్క వరస పాడింది. నేను తెలుగులో చెప్పాను. కళ్ళు చీకట్లయితున్నయని మీ అమ్మ చెప్పింది, వాళ్ళు నిన్ను తెచ్చి చూపించిన్రు. ఇంకో వరస. పక్క తడుస్తున్నదని చెప్పింది, మళ్ళ నిన్నే చూపించిన్రు. శ్రావణి నా దిక్కు తిరిగింది.

“మా అమ్మనా? కామెర్లు గాదా?”

“కామెర్లు గాదు. చెప్పుకుంట చెప్పుకుంట పోయింది. ఎవ్వలకు తెల్వలేదు.”

ఆ పిల్ల అత్తమ్మ మెడ రెండు చేతులా చుట్టేసింది. కాటుకంతా వచ్చి అత్తమ్మ రవిక మీది అద్దాలకు అంటుకుంది. ఫోన్లు ఎత్తినవాళ్ళు కొందరు దించారు. కొందరు దించలేదు, వాళ్ళ మొహాలు నాకు గుర్తున్నాయి. పెళ్ళికొడుకు మేనమామ గడియారం చూసుకుని, “ఇగ నడువుండ్రి, రాహుకాలం అస్తది, బండ్లు స్టార్ట్ చేయుండ్రి” అన్నాడు.

శ్రావణి తల ఎత్తకుండానే అరిచింది.

“ఆగుండ్రి! మా యాడి చెప్పుడు ఇంక కాలేదు!”

శ్రావణి అత్తమ్మ భుజం మీద మొహం పెట్టి, తనకు వచ్చిన ఆ కొద్దిపాటి భాషలోనే, ఇన్నాళ్ళు ఎగురుకుంటూ పాడిన మాటనే, మెల్లగా అంది.

“బోల్, యాడీ. బోల్.”

అత్తమ్మ మళ్ళీ అందుకుంది. డీజే అతను నా పక్కకు వచ్చి, “అక్కా, గా వైరు” అని చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు.